రాత్రి ఉన్నత పాఠశాలల్లో డ్రాపౌట్ల నివారణ

పగలంతా పనిచేసి సాయంత్రం బడికి వచ్చే విద్యార్థులు టెన్త్, ఇంటర్ స్థాయి చదువు పూర్తికాకముందే ఆగిపోకుండా చూసేందుకు వివిధ దేశాలు తీసుకున్న చర్యలు, వాటి ఫలితాలు, వాటి మీద నడిచిన వాదాలు ఈ వ్యాసంలోని విషయం. పగటి బడి డ్రాపౌట్ల సమస్యకూ దీనికీ చుట్టరికం ఉంది కానీ రెండూ ఒకటి కావు. పగటి బడి మానేసిన పిల్లవాడు పనిలోకి పోతాడు. రాత్రి బడి విద్యార్థి అప్పటికే పనిలో ఉన్నాడు, ఆ జీతం మీద ఇల్లు ఎంతో కొంత ఆధారపడి ఉంది. అందుకని పని మాన్పించి బడికి పంపాలన్న మామూలు మందు ఇక్కడ పనిచేయదు. పని గంటలకూ బడి గంటలకూ పొంతన కుదర్చడమే అసలు పని. తిండి, బస్సు, డబ్బు, పరీక్షల పద్ధతి, అన్నీ ఆ పొంతనకు ఊతాలే.

ఈ రంగంలో ఎక్కువ అనుభవం, ఎక్కువ చట్టాలు, ఎక్కువ లెక్కలు ఉన్న దేశం బ్రెజిల్. కాబట్టి ఈ వ్యాసంలో పెద్ద భాగం ఆ దేశానిదే. జపాన్, ఇటలీ, ముంబై, తెలుగు రాష్ట్రాల అనుభవాలు దాని పక్కన వస్తాయి.

పుట్టుక

భారతదేశంలో శ్రామికుల రాత్రి బడికి తొలి ఉదాహరణల్లో ఒకటి పుణేలో కనిపిస్తుంది. జోతీరావు ఫూలే, సావిత్రీబాయి దంపతులు 1855లో రైతులకు, కూలీలకు రాత్రిపూట చదువు చెప్పే బడి తెరిచారు. బ్రెజిల్‌లో 1878 సెప్టెంబరులో వెలువడిన ఒక ఉత్తర్వు అప్పటి రాజధాని రియో డి జనీరోలోని ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలల్లో వయోజనులకు రాత్రి తరగతులు ప్రారంభించింది. అది మగవాళ్లకు మాత్రమే. అప్పటికి ఆ దేశంలో బానిసత్వం ఇంకా రద్దు కాలేదు, అందుకు మరో పదేళ్లు పట్టింది. ఈ తొలి బడులన్నీ అక్షరాలు, కూడికలు, తీసివేతల వరకే. సెకండరీ స్థాయి చదువు రాత్రికి రావడం 20వ శతాబ్దపు సంగతి. ఫ్యాక్టరీలు, ఆఫీసులు పెరిగి, చిన్న ఉద్యోగానికి కూడా హైస్కూలు సర్టిఫికెట్ అడగడం మొదలయ్యాక ఆ అవసరం వచ్చింది.

రాత్రి బడికి వచ్చేవాళ్లు కూడా కాలంతో పాటు మారారు. ముంబైలో ఒకప్పుడు మిల్లు కార్మికులు ఎక్కువ. 1982 సమ్మె తర్వాత మిల్లులు ఒక్కొక్కటిగా మూతపడటంతో వాళ్ల స్థానంలోకి దుకాణాల్లో, క్యాంటీన్లలో, కుట్టు యూనిట్లలో, ఇళ్లలో పనిచేసే పిల్లలు వచ్చారు. జపాన్‌లో ఫ్యాక్టరీ కార్మికులు తగ్గి, పగటి బడిలో ఇమడలేక బయటికి వచ్చినవాళ్లు పెరిగారు. బ్రెజిల్ రాత్రి తరగతిలో ఇప్పుడు సూపర్‌మార్కెట్ క్యాషియర్లు, బైకు డెలివరీ కుర్రాళ్లు, ఇళ్లలో పనిచేసే అమ్మాయిలు, కాల్ సెంటర్ ఉద్యోగులు ఒకే బెంచీ మీద కనిపిస్తారు.

మానేయడం ఎలా జరుగుతుంది

రాత్రి బడి మానేయడం ఒక్కరోజులో తీసుకునే నిర్ణయం కాదు. చాలామంది తాము మానేశామని ఎవరికీ చెప్పరు కూడా. బ్రెజిల్‌లో మామూలుగా రాత్రి తరగతులు ఏడు గంటల ప్రాంతంలో మొదలై పదిన్నర, పదకొండు దాకా నడుస్తాయి. పీరియడ్లు పగటి కంటే కాస్త కురచ. ఆరు గంటలకు డ్యూటీ దిగాల్సిన క్యాషియరుకు కౌంటరు లెక్క సరిచూసి అప్పగించేసరికి ఆరున్నర దాటుతుంది. రెండు బస్సులు మారి యూనిఫామ్ మీదే బడికి చేరేసరికి గేటు వేసేసి ఉంటుంది. రెండో పీరియడు గంట కొట్టేదాకా బయట నిలబడాలి. అన్ని బడుల్లో నియమం ఒకటి కాదు గానీ, ఆలస్యంగా వచ్చినవాళ్లను రెండో పీరియడుకే రానివ్వడం అక్కడ బాగా వాడుకలో ఉన్న పద్ధతి. సోమవారం, గురువారం మొదటి పీరియడు లెక్కలైతే ఆ అమ్మాయి వారాల తరబడి లెక్కల పాఠమే వినదు. మొదటి పరీక్షలో లెక్కలు పోతాయి. తనకు లెక్కలు రావని ఆమె అనుకుంటుంది, టీచరు కూడా అదే అనుకుంటాడు. టైంటేబుల్ వేసిన మనిషిని ఎవరూ అడగరు.

రాత్రి చివరి పీరియడుది ఇంకో కథ. ఆఖరి బస్సు అందుకోవాలంటే గంట కొట్టకముందే లేవాలి. ఇలా రెండు చివరలూ తెగిపోతే, కాగితం మీద ఐదు పీరియడ్లున్న బడి ఆచరణలో మూడు పీరియడ్ల బడి అవుతుంది.

తర్వాతి మెట్టు షిఫ్టు మార్పు. యజమాని ఒక నెల సాయంత్రం డ్యూటీ వేస్తే హాజరు పట్టీలో వరసగా గైర్హాజరు పడుతుంది. ఆ నెల గడిచి తిరిగి వచ్చేసరికి పాఠాలు ముందుకు వెళ్లిపోయి ఉంటాయి. పండగల ముందు దుకాణాల్లో పని పెరిగినప్పుడూ ఇదే జరుగుతుంది. బ్రెజిల్‌లో అది క్రిస్మస్ ముందు, అంటే సరిగ్గా విద్యా సంవత్సరం చివర, వార్షిక పరీక్షల వేళ. మన ఊళ్లలో దసరా, దీపావళి బట్టల షాపుల సీజను అలాంటిదే. సెలవుల తర్వాత తిరిగి రాకపోవడం, ఒకసారి ఫెయిలై తనకంటే మూడేళ్లు చిన్నవాళ్ల మధ్య కూర్చోలేకపోవడం కూడా మామూలు కారణాలే.

ఆడపిల్లల విషయంలో ఇంకో రెండు చేరతాయి: రాత్రి పది దాటాక ఇల్లు చేరడం, గర్భం. బ్రెజిల్‌లో 1975 నాటి ఒక చట్టం ఎనిమిదో నెల నుంచి మూడు నెలల పాటు విద్యార్థిని ఇంటి దగ్గరే అభ్యాసాలు చేసి పంపే హక్కు ఇచ్చింది. సైనిక పాలనలో వచ్చిన ఈ చట్టం చాలా దేశాల కంటే ముందున్నదే. అయితే ప్రసవం తర్వాత బిడ్డను ఎవరి దగ్గర వదిలి రాత్రి బడికి రావాలన్న ప్రశ్నకు అందులో జవాబు లేదు.

బ్రెజిల్: చట్టం, తిండి, డబ్బు

1988 రాజ్యాంగం 208వ అధికరణంలో, విద్యార్థి పరిస్థితులకు అనువైన క్రమబద్ధమైన రాత్రి చదువు అందించడం ప్రభుత్వ బాధ్యత అని రాసి ఉంది. రాత్రి బడిని రాజ్యాంగంలోకి ఎక్కించిన దేశాలు అరుదు. 1996 విద్యా చట్టం ఆ మాటనే మళ్లీ చెప్పి, ఏడాదికి 200 పనిదినాలు, కనీసం 800 గంటలు, 75 శాతం హాజరు అని కొలతలు పెట్టింది. రాజ్యాంగం అనువుగా ఉండాలంది, చట్టం గంటలు లెక్కపెట్టమంది. ఆ తర్వాత వచ్చిన వివాదాలన్నీ ఈ రెండింటి మధ్య పుట్టినవే.

2023 గృహ సర్వే లెక్కల్లో 14 నుంచి 29 ఏళ్ల మధ్య వయసులో సెకండరీ చదువు పూర్తిచేయని బ్రెజిలియన్లు దాదాపు 90 లక్షల మంది తేలారు. ఎందుకని అడిగితే 40 శాతానికి పైగా పని కోసం అన్నారు. మగవాళ్లలో సగానికి పైగా ఇచ్చిన జవాబు అదే. ఆడవాళ్లలో పని తర్వాత వచ్చే కారణం గర్భం. మొత్తం మీద నాలుగోవంతుకు కాస్త తక్కువ మంది ఆసక్తి లేదన్నారు. ఈ చివరి జవాబును విద్యార్థి లోపంగా చదవడం అధికారులకు సులువు. పది గంటలు నిలబడి పనిచేసి వచ్చినవాడికి పగటి పిల్లల పాఠ్యపుస్తకాన్నే ఇంకా వేగంగా చెబితే, అతను ఆసక్తి లేదనే అంటాడు. వేరే పేరు పెట్టడానికి సర్వే ఫారంలో గడి ఉండదు.

తీసుకున్న చర్యల్లో అన్నిటికంటే తక్కువ చర్చ జరిగినది, బహుశా ఎక్కువ ఉపయోగపడినది, భోజనం. ప్రభుత్వ బడుల్లో భోజనం చాలాకాలం చిన్న తరగతులకే పరిమితం. 2009లో వచ్చిన చట్టం దాన్ని సెకండరీ విద్యార్థులకు, వయోజన విద్యార్థులకు కూడా విస్తరించింది. పనినుంచి నేరుగా వచ్చేవాడికి మధ్యాహ్నం తర్వాత దొరికే మొదటి ముద్ద అదే కావచ్చు. అన్నం, రాజ్మా లాంటి చిక్కుడు గింజల పులుసు, ఏదో ఒక కూర లేదా మాంసం. దాన్ని ఏ వేళకు వడ్డించాలన్నది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ చిన్నది కాదు. మధ్య విరామంలో పెడితే ఆకలితో రెండు పీరియడ్లు గడపాలి. మొదటి గంటకు ముందు పెడితే అన్నం కోసమైనా సమయానికి వచ్చే ప్రయత్నం చేస్తారు, ఆలస్యమైనవాళ్లకు మాత్రం అది కూడా పోతుంది. రెండుసార్లు వడ్డించే వీలున్న బడి ఈ చిక్కు నుంచి బయటపడుతుంది. కానీ వంటమనిషి జీతం ఎవరివ్వాలన్నది వెంటనే లేచే ప్రశ్న.

నగదు సాయం విషయంలో మినాస్ జెరైస్ రాష్ట్రం 2007లోనే ఒక పొదుపు పథకం పెట్టింది. సెకండరీ చదువు ఏడాది పూర్తిచేసిన ప్రతిసారీ 1,000 రియాల్ ఖాతాలో జమ అయ్యేది, చదువు మొత్తం ముగిశాకే తీసుకోవాల్సి ఉండేది. ఈ ఆలోచన పెద్దదై 2024 జనవరిలో ‘పే-డి-మెయా’ అనే జాతీయ పథకమైంది. పేద కుటుంబాల నమోదు పట్టికలో ఉన్న 14 నుంచి 24 ఏళ్ల విద్యార్థులకు ఇది వర్తిస్తుంది. చేరినందుకు 200 రియాల్, 80 శాతం హాజరున్న ప్రతి నెలకూ 200 చొప్పున ఏడాదికి తొమ్మిది వాయిదాలు, ఏడాది పాసైతే 1,000. మూడేళ్లు పూర్తయ్యేదాకా ఈ వెయ్యి రూపంలో పడే సొమ్ము ముట్టడానికి లేదు. చివరి ఏడాది ‘ఎనెమ్’ అనే జాతీయ పరీక్ష రాస్తే మరో 200. మొత్తం 9,200 రియాల్ దాకా అందుతుంది. వయోజన సెకండరీ తరగతుల్లో చదివే 19-24 ఏళ్లవాళ్లను కూడా అదే ఏడాది చేర్చారు.

ఆ ఏడాది బ్రెజిల్ కనీస నెల జీతం 1,412 రియాల్. అంటే నెలకు 200 అనేది ఉద్యోగానికి బదులు కాదు. బస్సు చార్జీలు, ఫోను ఖర్చు, వారానికి ఒక ఓవర్‌టైమ్ వద్దనుకునే ధైర్యం, అంతవరకు వస్తుంది. మానేయాలా వద్దా అని ఊగిసలాడేవాళ్లను అది పట్టి ఉంచగలదు, ఇంటి మొత్తం భారం మోసేవాళ్లను ఉంచలేదు. పైగా 80 శాతం హాజరు షరతు అందరికంటే ఎక్కువగా గుచ్చుకునేది రాత్రి విద్యార్థికే. షిఫ్టు మారిన నెలలో వాడికి పాఠంతో పాటు డబ్బు కూడా పోతుంది.

పని గంటల వైపు నుంచి చూస్తే బ్రెజిల్ చట్టాలు మైనర్లకు బాగానే అండగా ఉన్నాయి. 18 ఏళ్ల లోపువాళ్లకు రాత్రి పని నిషేధం. 16 ఏళ్ల లోపువాళ్లు అప్రెంటిస్‌గా తప్ప పనిచేయరాదు, అదీ 14 దాటాకే. అప్రెంటిస్ నియమాల ప్రకారం సెకండరీ చదువు పూర్తికాని అప్రెంటిస్ బడికి వెళ్లి తీరాలి, మామూలుగా రోజుకు ఆరు గంటలకు మించి పనిచేయించకూడదు. మైనర్ల సెలవులు బడి సెలవులతో కలిసేలా ఇవ్వాలని కూడా కార్మిక చట్టంలో ఉంది. చిక్కల్లా 18 నిండాకే మొదలవుతుంది. రాత్రి తరగతిలో కూర్చునేవాళ్లలో చాలామంది ఆ వయసు దాటినవాళ్లే. వాళ్లకు వారానికి 44 గంటలు, దుకాణాల్లో ఆరు రోజుల పనికి ఒక రోజు సెలవు. ఈ ఆరు-ఒకటి పద్ధతిని ఎత్తేయాలని 2024 నుంచి అక్కడ గట్టిగా ఉద్యమం నడుస్తోంది. విద్యాశాఖకు సంబంధం లేని ఆ ఉద్యమం నెగ్గితే రాత్రి బడికి ఎన్ని పథకాలూ చేయలేని మేలు జరగవచ్చు.

2019లో వచ్చిన ఒక చిన్న చట్టాన్ని కూడా చెప్పుకోవాలి. శుక్రవారం పొద్దు గూకినప్పటి నుంచి శనివారం సాయంత్రం దాకా సబ్బాతు పాటించే ఎడ్వెంటిస్టుల వంటివారు మతనియమం వల్ల తరగతికి రాలేకపోతే, బదులుగా మరోరోజు పరీక్షో రాతపనో ఇవ్వాలని దాని సారాంశం. పగటి విద్యార్థికి ఇది శనివారం సమస్య మాత్రమే. రాత్రి విద్యార్థికి ప్రతి శుక్రవారం పీరియడ్లన్నీ పోయే సమస్య. ఐదు రాత్రుల్లో ఒకటి, అంటే 20 శాతం. ఈ చట్టం అమలుకాని చోట, మిగిలిన నాలుగు రాత్రుల్లో ఒక్కటీ తప్పకపోతేనే నగదు పథకం అడిగే 80 శాతం హాజరు నిలుస్తుంది.

బడికి రాని పిల్లలను వెతికి పట్టుకునే ‘బుస్కా అతీవా’ కార్యక్రమాన్ని 2017లో యూనిసెఫ్, పురపాలక విద్యాధికారుల సంఘం కలిసి ప్రారంభించాయి. ఆరోగ్య కార్యకర్త గానీ సామాజిక కార్యకర్త గానీ ఇంటింటికీ తిరిగినప్పుడు బడి మానేసినవాళ్ల వివరం ఫోనులో నమోదు చేస్తారు. అది విద్య, ఆరోగ్యం, సంక్షేమం మూడు శాఖలకూ చేరుతుంది. కారణం గర్భమైతే ఒకరు, పనైతే మరొకరు వెళ్తారు. హెడ్‌మాస్టరు ఒక్కడే ఉత్తరం రాసి ఊరుకునే పాత పద్ధతి కంటే ఇది ఎంతో మేలు.

రెగ్యులర్ తరగతి నుంచి జారినవాళ్లకు వయోజన విద్యా శాఖ ఒకటుంది. 18 నిండినవాళ్లు మూడేళ్ల సెకండరీ చదువును మూడు సెమిస్టర్లలో, కనీసం 1,200 గంటల్లో ముగించవచ్చు. బడికే వెళ్లకుండా ‘ఎన్‌సెజా’ అనే ప్రభుత్వ పరీక్ష రాసి సర్టిఫికెట్ తెచ్చుకునే దారి కూడా 2002 నుంచి ఉంది. ఈ దారులు అవసరమే. కానీ అల్లరి చేసేవాడు, తరచూ ఫెయిలయ్యేవాడు కనిపిస్తే పగటి బడులు వయోజన తరగతికి తోసేయడం బ్రెజిల్‌లో పాత ఫిర్యాదు. నడివయసు వాళ్ల కోసం పెట్టిన తరగతులు ఇప్పుడు కుర్రాళ్లతో నిండాయి. అరవై ఏళ్ల తాత, పద్దెనిమిదేళ్ల కుర్రవాడు ఒకే పాఠం వింటారు, ఇద్దరికీ అది సరిపోదు.

2017లో వచ్చిన సెకండరీ సంస్కరణ ఏడాదికి 800 గంటలను కనీసం 1,000కి పెంచింది. పగటి బడికి అది మరో గంట అదనం. పదకొండుకు ముగిసే రాత్రి బడి మాత్రం ఆ గంటను ఎక్కడ పెట్టాలి? కొన్ని రాష్ట్రాలు ఇంటి దగ్గర చేసే పనిని, ఆన్‌లైన్ పాఠాన్ని గంటలుగా లెక్కకట్టాయి. కాగితం నిండింది. 2024లో ఆ సంస్కరణను మళ్లీ సవరించారు, మూడేళ్లకు 3,000 గంటలన్న మొత్తం మాత్రం అలాగే ఉంది.

జపాన్, ఇటలీ: గడియారాన్ని కదిపినవాళ్లు

యుద్ధానంతర జపాన్‌లో 1947 పాఠశాల విద్యా చట్టం కింద, మరుసటి ఏడాది నుంచి, పనిచేసే యువకుల కోసం పార్ట్‌టైమ్ హైస్కూళ్లు వచ్చాయి. 1950ల తొలి ఏళ్లలో వీటిలో ఐదు లక్షలకు పైగా విద్యార్థులుండేవారు. పగటి విద్యార్థి మూడేళ్లలో ముగించే చదువును వీళ్లు రోజుకు నాలుగు పీరియడ్ల చొప్పున నాలుగేళ్లలో ముగించేవారు. గంటలు తగ్గించకుండా ఏళ్లు పెంచడం అక్కడ ఎంచుకున్న మార్గం. 1953లో ఈ బడుల ప్రోత్సాహానికి ఒక చట్టం, 1956లో రాత్రి హైస్కూలు భోజనానికి ప్రత్యేకంగా మరో చట్టం తెచ్చారు. రాత్రి అన్నానికి బ్రెజిల్ చట్టం రావడానికి అర్ధశతాబ్దం ముందే జపాన్ ఆ పని చేసిందన్నమాట.

అంతకంటే ఆసక్తికరమైనది నూలు మిల్లుల ప్రాంతాల్లో జరిగింది. పల్లెల నుంచి వచ్చి మిల్లు హాస్టళ్లలో ఉండే అమ్మాయిలు రెండు షిఫ్టుల్లో పనిచేసేవారు, ఒక వారం ఉదయం, మరో వారం మధ్యాహ్నం. షిఫ్టు మారినప్పుడల్లా తరగతి పోయేది. దానికి విరుగుడుగా 1960ల నుంచి ఒకే పాఠాన్ని ఉదయం ఒక జట్టుకు, మధ్యాహ్నం మరో జట్టుకు చెప్పే బడులు వచ్చాయి. షిఫ్టుతో పాటు తరగతి కూడా మారుతుంది, విద్యార్థిని ఏ వారం ఏ షిఫ్టులో ఉన్నా పాఠం తప్పదు. ఫ్యాక్టరీలో నేర్చుకున్న నైపుణ్య శిక్షణను హైస్కూలు సబ్జెక్టుగా లెక్కించే వీలు కూడా 1961లో కల్పించారు. మిల్లు యజమానుల ఉదారత కాదిది. హైస్కూలు ఆశ చూపకపోతే పల్లె అమ్మాయిలు పనికి దొరకని రోజులవి.

1988 తర్వాత తరగతులతో పని లేకుండా క్రెడిట్లు కూడబెట్టుకునే హైస్కూళ్లు, మూడేళ్లలోనే ముగించే వీలు వచ్చాయి. ఫెయిలైన ఒక్క సబ్జెక్టు కోసం ఏడాదంతా మళ్లీ చదవనక్కరలేదు. అయినా పార్ట్‌టైమ్ హైస్కూళ్లలో మానేసేవాళ్లు 2010లలో ఏడాదికి పది శాతం చుట్టూ ఉంటే, పగటి హైస్కూళ్లలో ఒక శాతం చుట్టూ ఉన్నారు. విద్యార్థులు మారిపోవడం దీనికి ఒక కారణం. ఇప్పుడు వచ్చేవాళ్లలో చాలామందిని ఆపుతున్నది షిఫ్టు కాదు, చిన్నప్పుడు బడిలో తగిలిన దెబ్బలు. వీళ్లకు టైంటేబుల్ కంటే చిన్న తరగతి, పేరుపెట్టి పిలిచే టీచరు ఎక్కువ అవసరం.

ఇటలీలో కథ కార్మిక సంఘాల నుంచి మొదలైంది. 1970 మే నెలలో వచ్చిన కార్మికుల హక్కుల చట్టం పదో అధికరణం ప్రకారం, చదువుకునే కార్మికుడికి తరగతికి వీలయ్యే షిఫ్టు ఇవ్వాలి, ఓవర్‌టైమ్ చేయమని బలవంతపెట్టరాదు, పరీక్ష రోజున జీతంతో సెలవివ్వాలి. 1973లో లోహ పరిశ్రమ కార్మికులు తమ వేతన ఒప్పందంలో ఇంకో అడుగు వేశారు. మూడేళ్లలో 150 గంటల పనికాలాన్ని చదువుకు జీతంతో వదలాలి, కార్మికుడు అన్నే గంటలు తన సమయంలోంచి కలపాలి. ‘150 గంటలు’ అన్న పేరుతోనే ప్రసిద్ధమైన ఈ హక్కును ఎక్కువమంది ఎనిమిదో తరగతి స్థాయి సర్టిఫికెట్ కోసం వాడుకున్నారు. చదువు ఖర్చులో సగం యజమాని గడియారంలోంచి రావాలన్న ఈ సూత్రం అంత స్పష్టంగా మరెక్కడా కనిపించదు. దీన్ని గెలిచింది బలమైన సంఘాలున్న పెద్ద ఫ్యాక్టరీల కార్మికులు. ముగ్గురు పనివాళ్లుండే దుకాణానికి ఇది ఎలా వర్తిస్తుందన్నది అప్పుడూ తేలలేదు, ఇప్పుడూ తేలలేదు.

ముంబై, తెలుగు నేల

ముంబై రాత్రి హైస్కూళ్లు సాయంత్రం ఆరున్నర నుంచి తొమ్మిదిన్నర దాకా, ఎక్కువగా ఎనిమిది నుంచి పదో తరగతి వరకు నడుస్తాయి. మహారాష్ట్ర ఎస్సెస్సీ బోర్డు పరీక్షే రాస్తారు. చాలావాటికి సొంత భవనం లేదు. పగటి బడి గదుల్లోనే కూర్చుంటారు, ప్రయోగశాలకూ గ్రంథాలయానికీ మాత్రం తాళం. పగటి పిల్లలు చూసే పరికరాలు రాత్రి పిల్లలకు కిటికీలోంచి కనిపిస్తాయి. 2008లో నికితా కేత్కర్ స్థాపించిన ‘మాసూమ్’ సంస్థ ఈ బడులకు సాయంత్రం పౌష్టికాహారం, పుస్తకాలు, చక్రాల మీద తిరిగే సైన్సు ల్యాబు సమకూర్చింది. టీచర్లకు, బడి కమిటీలకు శిక్షణ ఇచ్చింది. 2017 మే నెలలో రాష్ట్ర ప్రభుత్వం, పగటి బడిలో పూర్తికాలం పనిచేస్తూ రాత్రి కూడా పాఠాలు చెప్పే టీచర్లను తప్పించి మిగులు టీచర్లను వేయాలని ఉత్తర్వు ఇచ్చింది. అలసిన టీచరు వద్దన్న వాదనలో న్యాయం లేకపోలేదు. కానీ ఏళ్ల తరబడి రాత్రి పిల్లలను ఎరిగిన టీచర్లు ఒక్కసారిగా పోయారు. ఇలాంటి బడిలో విద్యార్థి తిరిగి రావడానికి ఆ ఎరుకే ముఖ్యమైన కారణమని ఉత్తర్వు రాసినవాళ్లు లెక్కలోకి తీసుకోలేదు.

వర్లీ, కామాఠీపురాల్లోనూ, భివండీ, సోలాపూర్ మరమగ్గాల చుట్టూ కూడా తెలుగు కుటుంబాలు తరాలుగా ఉన్నాయి. మరమగ్గాల మీద 12 గంటల షిఫ్టు మామూలు, పగలు రాత్రి మారుతుంటుంది. ఇలాంటి కుర్రవాడికి రాత్రి బడి నెలలో సగం రోజులే అందుబాటులో ఉంటుంది. జపాన్ నూలు మిల్లుల మాదిరి జంట తరగతులు కావలసింది ఇలాంటి చోటే.

తెలుగు నేల నుంచి ఈ చర్చకు వచ్చిన అతి ముఖ్యమైన మాట రాత్రి బడికి వ్యతిరేకంగా వచ్చింది. 1979-80లో కేంద్రం మొదలుపెట్టిన అనియత విద్యా కార్యక్రమం కింద, విద్యలో వెనుకబడిన రాష్ట్రంగా ఆంధ్రప్రదేశ్‌లోనూ పనిపిల్లలకు సాయంత్రం రెండు గంటల కేంద్రాలు నడిచాయి. 1991 నుంచి రంగారెడ్డి జిల్లాలో పనిచేసిన ఎం.వి. ఫౌండేషన్ ఈ పద్ధతిని తప్పుపట్టింది. పగలు జీతానికి పెట్టుకున్న పిల్లవాడికి రాత్రి రెండు గంటలు అక్షరాలు చెబితే బాలకార్మికత్వానికి సర్కారు ముద్ర వేసినట్టేనని, బడి బయట ఉన్న ప్రతి బిడ్డా బాలకార్మికుడేనని, పని మాన్పించి పూర్తిస్థాయి పగటి బడిలోనే చేర్చాలని ఆ సంస్థను నడిపిన శాంతా సిన్హా బృందం పట్టుబట్టింది. మధ్యలో నెలల తరబడి నడిచే బ్రిడ్జి క్యాంపుల ద్వారా ఆ పిల్లలను వయసుకు తగిన తరగతికి సిద్ధం చేశారు. ఆమెకు 2003లో మెగసెసే అవార్డు వచ్చింది, 2007లో జాతీయ బాలల హక్కుల సంఘానికి తొలి అధ్యక్షురాలయ్యారు. 14 ఏళ్ల లోపువాళ్ల విషయంలో ఆ వాదన నెగ్గింది. 2009 విద్యాహక్కు చట్టం ఆ వయసు వరకే హామీ ఇచ్చింది, బాలకార్మిక చట్టానికి వచ్చిన 2016 సవరణ ఆ వయసు లోపు ఉద్యోగాలను నిషేధించింది. ఇంటి వృత్తులకు, వినోద రంగానికి మాత్రం మినహాయింపులు మిగిలాయి. 15 నుంచి 18 ఏళ్ల మధ్యవాళ్లకు ఉచిత విద్య హామీ లేదు, ప్రమాదకరం కాని పనికి నిషేధమూ లేదు. రాత్రి హైస్కూలు అవసరమైన వయసు సరిగ్గా ఆ సందులోనే ఉంది.

ఆ వయసువాళ్ల విషయంలో తెలుగు రాష్ట్రాలు ఎక్కువగా ఓపెన్ స్కూలు మీద ఆధారపడ్డాయి. జాతీయ ఓపెన్ స్కూలు 1989లో, ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విద్యాపీఠం 1991లో ఏర్పడ్డాయి. రాష్ట్ర విభజన తర్వాత తెలంగాణకు వేరే సొసైటీ వచ్చింది. జాతీయ సంస్థలో ఒకసారి చేరితే ఐదేళ్లు చెల్లుతుంది, తొమ్మిదిసార్లు పరీక్ష రాసుకోవచ్చు, పాసైన సబ్జెక్టు మళ్లీ రాయనక్కరలేదు. షిఫ్టులో ఉన్నవాడికి ఇంతకంటే అనువైన నియమం ఉండదు. కాకపోతే సెలవు రోజుల కాంటాక్ట్ తరగతులు చాలాచోట్ల మొక్కుబడిగా సాగుతాయి. ‘ఓపెన్ టెన్త్ పాస్ గ్యారంటీ’ అంటూ తిరిగే దళారులు ఆ ఖాళీలో పుట్టినవాళ్లే. ఫీజు కట్టి పుస్తకాలు తెచ్చుకుని పరీక్షకు రానివాడు ఎవరి దృష్టిలోనూ డ్రాపౌట్ కాడు. హాజరు పట్టీయే లేని చోట గైర్హాజరును గమనించేదెవరు?

రాత్రి చదువు తమ బతుకును తాకితే జనం ఎలా వస్తారో నెల్లూరు జిల్లా చూపించింది. 1991 సంపూర్ణ అక్షరాస్యత ఉద్యమంలో సాయంత్రం తరగతులకు వచ్చిన దూబగుంట మహిళలు సారా దుకాణం మూయించేదాకా వెళ్లారు. అది హైస్కూలు కాదు, సర్టిఫికెట్ కూడా లేదు. ఆసక్తి లేదన్న బ్రెజిల్ సర్వే జవాబు చదివేటప్పుడు మాత్రం ఆ తరగతులను గుర్తుచేసుకోవచ్చు.

లెక్కల సంగతి

రాత్రి బడిలో మానేసేవాళ్లు తగ్గారంటే రెండు అర్థాలు ఉండవచ్చు: విద్యార్థులు నిలిచారు, లేదా రాత్రి బడే తగ్గిపోయింది. 1990లలో బ్రెజిల్ సెకండరీ విద్యార్థుల్లో సగానికి పైగా రాత్రి చదివేవారు. ఇప్పుడు ఐదోవంతు కంటే తక్కువ. పిల్లలు సరైన వయసులో హైస్కూలుకు చేరుతుండటం వల్ల వచ్చిన తగ్గుదల మంచిదే. కానీ రోజంతా నడిచే కొత్త బడుల కోసం రాత్రి షిఫ్టు మూసేసిన చోట్ల, పనిచేసే కుర్రవాడు మరో పేటలోని బడికి పోవాలి, లేదంటే మానుకోవాలి. మూసేసిన బడి డ్రాపౌట్ రేటు సున్నా.

ఏడాది మధ్యలో మానేసినవాళ్లను, ఏడాది ముగించి పై తరగతిలో చేరనివాళ్లను వేర్వేరుగా లెక్కించకపోతే కూడా పొరపాటు పడతాం. బ్రెజిల్ 2007లో ప్రతి విద్యార్థికీ విడిగా నమోదు పెట్టడంతో ఇది సాధ్యమైంది. దాని ఆధారంగా ఆ దేశ విద్యా గణాంక సంస్థ 2017లో తొలిసారి, పాసైనవాళ్లు, ఫెయిలైనవాళ్లు, మానేసినవాళ్లు, వయోజన తరగతికి మారినవాళ్లు అని నాలుగు లెక్కలు విడదీసి ప్రకటించింది. పగలు, రాత్రి కలిపి సెకండరీ విద్యార్థుల్లో 2014, 2015 మధ్య బడి వదిలేసినవాళ్లు 11.2 శాతం. మొదటి ఏడాదిలో 12.9, రెండో ఏడాదిలో 12.7, మూడో ఏడాదిలో 6.8. మానేయడం ఎక్కువగా ముందు రెండేళ్లలోనే జరుగుతోంది, మినాస్ జెరైస్ పాత పొదుపు పథకం డబ్బు మాత్రం మూడో ఏడాది ముగిశాకే చేతికొచ్చేది. 2024 పథకంలో వెయ్యి రియాల్ బోనసుకు ఇప్పటికీ అదే తాళం ఉంది. నెలనెలా వచ్చే 200 రియాల్ మాత్రం మొదటి ఏడాది నుంచే అందుతుంది.